నాన్న సార్టింగ్ గూళ్లు

హైదరాబాద్,
ఆదివారం రాత్రి

చిట్టీ,

మొన్న ఫోన్లో నీ గొంతు విన్నప్పటి నుంచి మనసు అక్కడే ఉంది. "అక్కా, కంప్యూటర్ నెట్‌వర్క్స్ బుర్రకెక్కడం లేదు, మిడ్‌లో సబ్‌నెట్టింగ్ లెక్క వదిలేశాను, ఎక్స్‌టర్నల్‌కి ఇంపార్టెంట్ క్వశ్చన్లు బట్టీ కొట్టి గట్టెక్కుతాలే" అన్నావు. గట్టెక్కుతావు, అందులో నాకు అనుమానం లేదు. కానీ పదమూడేళ్లుగా నాకు అన్నం పెడుతున్నది ఈ సబ్జెక్టే. దాన్ని నువ్వు బట్టీ పట్టి పరీక్ష కాగానే మర్చిపోతానంటే ఊరుకోలేకపోతున్నాను. ఫోన్లో చెబితే సగం చెవిన పడుతుంది, సగం గాలికి పోతుంది. అందుకే కాగితం మీద రాస్తున్నాను. పక్కన ఒక పెన్సిలు, నాలుగు తెల్ల కాగితాలు పెట్టుకుని చదువు.

మా నాన్న, అంటే మీ పెదనాన్న, ఆర్‌ఎంఎస్‌లో, అదే రైల్వే మెయిల్ సర్వీసులో, సార్టింగ్ అసిస్టెంటుగా చేశారని నీకు తెలుసు. ఆ పని చేస్తుండగా నువ్వు చూసి ఉండవు. నేను చూశాను. ఏడో తరగతిలో ఉండగా ఒక సాయంత్రం నాన్నకు క్యారేజీ ఇవ్వడానికి బెజవాడ స్టేషన్ పక్కనున్న ఆఫీసుకు వెళ్లి, ఇచ్చేసి కూడా అరగంట అలాగే నిలబడిపోయాను. గోడ పొడవునా చెక్క గూళ్లు. గూటి మీద సుద్దతో రాసిన అంకెలు: 500, 506, 517, 530, 533. నాన్న ఎడమచేతిలో ఉత్తరాల కట్ట, కుడిచేత్తో ఒక్కొక్కటే లాగి గూట్లోకి విసురుతున్నారు. ఒక్క చిరునామా కూడా పూర్తిగా చదవడం లేదు. పేరు చూడరు, వీధి చూడరు. పిన్ కోడ్‌లో మొదటి మూడంకెలు చూడ్డం, విసరడం. 517 అని ఉంటే చిత్తూరు జిల్లా వైపు. అది తిరుపతిలో ఏ వీధికి చేరాలో, ఏ పోస్ట్‌మ్యాన్ ఇస్తాడో ఆయనకు అక్కర్లేదు. ఆ గూట్లోని కట్ట ఏ సంచిలో పడాలి, ఆ సంచి ఏ బండి ఎక్కాలి, అంతవరకే ఆయన పని.

చిట్టీ, రూటర్ చేసేది కూడా ఇదే. దాని దగ్గర గమ్యం దాకా గీసిన దారి పటం ఉంటుందని నువ్వు అనుకుంటున్నావు. నేనూ రెండేళ్లు అలాగే అనుకున్నాను. ప్యాకెట్‌ను ముందుకు పంపే క్షణంలో దానికి కావలసింది ఒక్క పట్టిక: ఫలానా అంకెలతో మొదలయ్యే చిరునామాలన్నీ ఫలానా పొరుగువాడికి. ఆ పొరుగువాడినే పుస్తకాల్లో నెక్స్ట్ హాప్ అంటారు. అక్కడికి చేరాక ఏమవుతుందో చూసుకోవలసింది ఆ పొరుగువాడు.

ఇంకో సంగతి కూడా ఆ గూళ్ల దగ్గరే నాకు అర్థమైంది. ఉత్తరం మీది చిరునామా మొదటి నుంచి చివరి దాకా మారదు. కానీ సంచికి కట్టే లేబుల్? అది సంచి విప్పి మళ్లీ కట్టిన ప్రతిచోటా మారిపోతుంది. బెజవాడ నుంచి గూడూరుకు ఒక లేబుల్, అక్కడ విప్పి మళ్లీ కడితే మరో లేబుల్. ఐపీ చిరునామా ఉత్తరం మీదిది, మ్యాక్ చిరునామా సంచి మీదిది. ప్యాకెట్ ఎన్ని రూటర్లు దాటినా గమ్యం ఐపీ అదే ఉంటుంది, మ్యాక్ మాత్రం ప్రతి అంచెలోనూ కొత్తది పడుతుంది. ఇంటర్వ్యూకి వచ్చే పిల్లల్ని నేను అడిగే మొదటి ప్రశ్న ఇదే. నిర్వచనాలు రెండూ గడగడా అప్పజెప్పిన పిల్లలు కూడా ఇక్కడ ఆగిపోతారు. రెండు చిరునామాలు ఎందుకు అవసరమయ్యాయో వాళ్లకు ఎవరూ చెప్పలేదు మరి. (ఇంటి వైఫై పెట్టె ఐపీని కూడా మారుస్తుంది, దాన్ని నాట్ అంటారు. అది వేరే కథ, ఇప్పుడు దాని జోలికి పోకు.)

పిన్ కోడ్ మనకు 1972 ఆగస్టు 15న వచ్చింది. ఆరంకెలు. మొదటి అంకె పెద్ద ప్రాంతం. మనదీ కర్ణాటకదీ కలిపి 5. మొదటి మూడంకెలూ కలిస్తే సార్టింగ్ జిల్లా. చివరి మూడూ కలిపితే ఫలానా పోస్టాఫీసు. దూరాన ఉన్నవాడికి ముందరి అంకెలు చాలు, దగ్గరయ్యేకొద్దీ వెనక అంకెలు కావాలి. ఐపీ చిరునామాలోని ప్రిఫిక్స్ సరిగ్గా ఇదే పని చేస్తుంది. పట్టికలో ఒకే చిరునామాకు రెండు మూడు వరుసలు సరిపోతే, ఎక్కువ అంకెలు కలిసిన వరుసదే గెలుపు. దీన్ని లాంగెస్ట్ ప్రిఫిక్స్ మ్యాచ్ అంటారు. సిలబస్‌లో ఒక పేరాలో దాటేస్తారు గానీ, నా ఉద్యోగంలో రోజుకోసారైనా దాని ముఖం చూడక తప్పదు. పోలిక ఎక్కడ తెగుతుందో కూడా చెప్పాలి. పిన్ కోడ్ నేలను పట్టుకుని ఉంటుంది. ఐపీకి నేలతో పని లేదు. ఆ అంకెల గుత్తి ఏ సంస్థకు ఇచ్చారో, ఆ సంస్థ ఎక్కడ తగిలించుకుందో అదే దాని ఊరు.

ఇక నువ్వు వదిలేసిన లెక్క. 172.16.37.200, స్లాష్ 20. నెట్‌వర్క్ చిరునామా ఏది అని కదా అడిగారు? పెన్సిలు తీసుకో. చిరునామా మొత్తం 32 బిట్లు. స్లాష్ 20 అంటే ముందరి 20 బిట్లు ఊరి పేరు, మిగిలిన 12 ఇంటి నంబరు. 172, 16 కలిపి 16 బిట్లు అయిపోయాయి. ఇంకో నాలుగు కావాలి, అవి 37లోంచి రావాలి. 37ను బిట్లలో రాయి: 00100101. ముందరి నాలుగు, 0010, ఊరి పేరులోకి పోయాయి. వెనక నాలుగూ సున్నాలు చెయ్యి, 00100000, అంటే 32. ఒకట్లు చెయ్యి, 00101111, అంటే 47. కాబట్టి ఆ ఊరు 172.16.32.0 దగ్గర మొదలై 172.16.47.255 దగ్గర ముగుస్తుంది. మొత్తం 4096 చిరునామాలు, మొదటిదీ చివరిదీ తీసేస్తే 4094. అయిపోయింది. ఇందులో సూత్రం లేదు, సాధన ఉంది. వెబ్‌సైట్లో వేస్తే క్షణంలో వచ్చేస్తుంది కదా అంటావేమో. వస్తుంది. కానీ రాత్రి రెండింటికి స్క్రీన్ మీద రెండు చిరునామాలు పక్కపక్కన కనిపించినప్పుడు ఇవి రెండూ ఒకే ఊళ్లో ఉన్నాయా లేదా అన్నది కంటికి తట్టాలి. రోజుకు ఐదు లెక్కల చొప్పున పది రోజులు చెయ్యి. పదకొండో రోజు నుంచి నీకు 37 కనిపించదు, 32కీ 47కీ మధ్య ఒక ఊరు కనిపిస్తుంది.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. పట్టిక ఉంది సరే, ఆ పట్టికను నింపేదెవరు? నాన్నకు గూళ్ల అంకెలు పై ఆఫీసు నుంచి వచ్చేవి. రూటర్లకు పై ఆఫీసు లేదు. పక్కవాళ్లను అడిగి తెలుసుకోవాలి. రూటింగ్ అనే యూనిట్ మొత్తాన్నీ మూడు ప్రశ్నలు పట్టుకుని చదువు: ఈ పెట్టెకు ఏం తెలుసు, ఎవరు చెబితే తెలిసింది, ఆ మాటను ఎంతసేపు నమ్ముతుంది. ఏ ప్రొటోకాల్ ఎదురైనా ముందు ఈ మూడూ అడుగు. మిగతా వివరాలు వాటి చుట్టూ వాటంతటవే చేరతాయి.

డిస్టెన్స్ వెక్టర్‌ను తీసుకో. ఎ, బి, సి అని మూడు రూటర్లు వరసగా గియ్యి. ఎ దగ్గరికి బి నుంచి దూరం 1, సి నుంచి బి మీదుగా 2. ఇప్పుడు ఎకీ బికీ మధ్య గీత చెరిపెయ్యి. బికి దారి పోయింది. అంతలో సి తన మామూలు కబురు పంపుతుంది: "నాకు ఎ దగ్గరికి 2లో దారుంది". ఆ దారి తన మీదుగా వెళ్లేదేనని బికి తెలియదు, ఎందుకంటే సి దూరం చెప్పింది గానీ దారి చెప్పలేదు. బి ఆశగా 3 అని రాసుకుంటుంది. అది విని సి 4 అంటుంది. బి 5. సి 6. ఊళ్లో పుకారు పుట్టినట్టే. ఇతను అతని పేరు చెబుతాడు, అతను ఇతని పేరు చెబుతాడు, మొదట చూసినవాడు ఎవడూ ఉండడు. రిప్ అనే పాత ప్రొటోకాల్‌లో 16 అంటే అనంతం అని గిరి గీసి దీన్ని ఆపారు. కబురు ముప్ఫై సెకన్లకోసారి కాబట్టి అక్కడిదాకా ఎక్కడానికి నిమిషాలు పట్టొచ్చు. స్ప్లిట్ హొరైజన్ అన్న పేరు చూసి భయపడ్డానన్నావు కదా, దాని అర్థం ఇంతే: ఎవరి దగ్గర విన్న మాటను తిరిగి వాళ్లకే చెప్పకు.

మరి పుకార్లు వద్దు, ప్రతివాడూ తన కళ్లతో చూసిన తన లింకుల సంగతే ఊరందరికీ చెప్పాలి, పటం ఎవరికి వారు గీసుకోవాలి అంటే అది లింక్ స్టేట్. ఓఎస్‌పీఎఫ్ ఆ జాతిది. ఆ పటంలో దగ్గరి దారి వెతికే పద్ధతి డైక్‌స్ట్రాది. ఆయన దాన్ని 1956లో ఆమ్‌స్టర్‌డామ్‌లో ఒక కాఫీ హోటల్ ఆరుబయట కూర్చుని, కాగితం పెన్సిలు లేకుండా ఇరవై నిమిషాల్లో ఆలోచించానని చెప్పుకున్నారు. 1959లో అచ్చయింది. ల్యాబ్‌లో నువ్వు సీ భాషలో రాసే ప్రోగ్రాం అదే.

అయితే లింక్ స్టేట్ వస్తే కష్టాలన్నీ తీరిపోయాయని నోట్సులో రాస్తారు. తీరలేదు. ఈ కథ నిదానంగా చదువు, నాకు చాలా ఇష్టమైనది. 1980 అక్టోబర్ 27న, ఇంటర్నెట్‌కు అమ్మ అనదగ్గ ఆర్పానెట్ కొన్ని గంటల పాటు పడిపోయింది. అందులోని రూటర్లను ఇంప్‌లు అనేవారు. ప్రతి ఇంప్ తన లింకుల సంగతి అందరికీ చాటుతుంది. పాత కబురుకూ కొత్త కబురుకూ తేడా తెలియడానికి ప్రతి కబురు మీదా ఒక వరస నంబరు వేస్తుంది. ఆ నంబరుకు ఆరు బిట్లే, అంటే 0 నుంచి 63. 63 తర్వాత మళ్లీ 0. గడియారం ముల్లులాగా తిరుగుతుంది కాబట్టి, సగం చుట్టుకు మించకుండా ముందున్నదే కొత్తది అని నియమం పెట్టుకున్నారు. ఆ రోజు ఒక ఇంప్ కబురు మూడు నంబర్లతో నెట్‌వర్క్‌లో పడింది: 44, 40, 8. కాగితం మీద బిట్లలో రాసి చూడు. 101100, 101000, 001000. 44లో ఒక బిట్ రాలితే 40. 40లో ఒక బిట్ రాలితే 8. చెడిన పెట్టె లోపల బిట్లు రాలిపోయాయి. తీగ మీద ప్రయాణంలో తప్పు దొర్లితే పట్టుకునే ఏర్పాటు ఉంది గానీ, పెట్టె మెమరీలో చెడితే పట్టుకునేది లేదు.

ఇప్పుడు 64 గీతల గడియారం గీసి ఆ మూడు అంకెలూ పెట్టు. 40 కన్నా 44 కొత్తది. 8 కన్నా 40 కొత్తది. మరి 44 నుంచి ముందుకు నడిచి 63 దాటి 8కి రావడానికి ఎన్ని అడుగులు? 28. సగం చుట్టు కన్నా తక్కువ. కాబట్టి 44 కన్నా 8 కొత్తది! ఒకదాన్ని మరొకటి తోసేస్తూ, తోసిన ప్రతిసారీ "కొత్త కబురు వచ్చింది" అని అందరికీ చాటుతూ, ఇంప్‌లన్నీ ఆ పని తప్ప ఇంకో పని చెయ్యలేకపోయాయి. ఒకదాన్ని ఆపి మళ్లీ లేపితే పక్కవాళ్లు అదే కబురు మళ్లీ పోసేవారు. చివరికి ఆ ఒక్క ఇంప్ పేరుతో వచ్చే కబుర్లను పట్టించుకోవద్దని ప్రోగ్రాంలో మార్పు చేసి అన్నిటికీ పంపాల్సి వచ్చింది. ఎరిక్ రోజెన్ దీని మీద 1981లో రాసిన నివేదిక ఆర్‌ఎఫ్‌సీ 789. దొరుకుతుంది, చదువు. నీ టెక్స్ట్ పుస్తకం కన్నా తేలికగా ఉంటుంది.

ఇది చదివాక ఓఎస్‌పీఎఫ్ పాఠం తెరువు. వరస నంబరు 32 బిట్లు, గడియారంలా తిరగదు, గీతలా సాగుతుంది. ప్రతి కబురుకూ చెక్‌సమ్ ఉంటుంది. అరగంటకోసారి కొత్తగా చాటాలి, గంట దాటిన కబురును నమ్మకూడదు. నువ్వు రెండు మార్కుల కోసం బట్టీ పట్టబోయే అంకెలు ఇవే. వాటిని పెట్టినవాళ్లు ఆ అక్టోబర్ రోజును మర్చిపోలేదు.

నా రోజు కూడా ఒకటుంది. ఉద్యోగంలో చేరిన రెండో ఏడు. ఒక సంస్థకు రాజమండ్రి బ్రాంచి కలిపే పని నాకిచ్చారు. బ్రాంచికి 10.20.0.0 స్లాష్ 16 కేటాయించి, హెడ్డాఫీసు రూటర్‌లో "10.20తో మొదలయ్యేవన్నీ రాజమండ్రికి" అని ఒక వరుస రాశాను. బ్రాంచి రూటర్‌లో వాడుతున్న మూడు చిన్న నెట్‌వర్క్‌లు పెట్టి, "మిగతావన్నీ హెడ్డాఫీసుకు" అని డిఫాల్ట్ రూట్ ఇచ్చాను. నాలుగు నెలలు బాగానే నడిచింది. ఒక సోమవారం బ్రాంచి మొత్తం స్తంభించింది. రెండు ఎంబీపీఎస్ లింకు నిండా ఏదో పారుతోంది, ఏమిటో తెలియదు. మా సీనియర్ నా పక్కన కూర్చుని, ఎవరూ వాడని ఒక చిరునామాకు, 10.20.40.5కు ట్రేస్‌రూట్ కొట్టమన్నారు. కొట్టాను. హెడ్డాఫీసు, రాజమండ్రి, హెడ్డాఫీసు, రాజమండ్రి, అవే రెండు చిరునామాలు ముప్ఫై వరుసల దాకా. నా వేళ్లు చల్లబడిపోయాయి. హెడ్డాఫీసు అది నీదే అంటుంది. బ్రాంచి నా దగ్గర లేదు, నీకే అంటుంది. ఎక్కడో ఒక కంప్యూటర్‌కు వైరస్ పట్టి ఖాళీ చిరునామాలన్నిటినీ తడుముతోంది. విండోస్ పంపే ప్యాకెట్‌కు టీటీఎల్ 128. రూటర్ దాటిన ప్రతిసారీ ఒకటి తగ్గి, సున్నా అయ్యాకే చస్తుంది. అంటే ఒక్కో ప్యాకెట్ ఆ సన్నటి లింకును వందసార్లకు పైగా దాటుతోంది.

వైద్యం ఒక్క వరుస. బ్రాంచి రూటర్‌లో 10.20.0.0 స్లాష్ 16ను నల్‌కు, అంటే పారబోతకు పంపమని రాయడం. వాడుకలో ఉన్న మూడు నెట్‌వర్క్‌లకూ స్లాష్ 24 వరుసలున్నాయి కాబట్టి వాటికేమీ కాదు. మిగతా 10.20లకు డిఫాల్ట్ కన్నా ఈ స్లాష్ 16 పొడవు కాబట్టి ఇది గెలుస్తుంది, అక్కడితో ఆగిపోతుంది. పుస్తకంలో ఒక పేరాలో దాటేసిన లాంగెస్ట్ ప్రిఫిక్స్ మ్యాచ్ ఆ రోజు నా పరువు నిలబెట్టింది. ఇంటికెళ్లి నాన్నకు చెబితే ఆయన అడిగిన మొదటి మాట: "పారబోస్తే పంపినవాడికి తెలిసేదెలా? మాకైతే రిటర్న్‌డ్ లెటర్ ఆఫీసు ఉండేదమ్మా." రూటర్ కూడా చేరలేదని ఐసీఎంపీతో వెనక్కి కబురు చెప్పగలదు, చాలాచోట్ల నోరు కట్టేస్తాం అన్నాను. ఆయనకు అది నచ్చలేదు.

ఇదే సూత్రం ప్రపంచ స్థాయిలో ఏం చేసిందో కూడా చూడు. 2008 ఫిబ్రవరి 24న పాకిస్తాన్ టెలికాం తమ దేశంలో యూట్యూబ్‌ను ఆపడానికి 208.65.153.0 స్లాష్ 24ను తమ వైపు తిప్పుకుంది. ఆ మాట దేశం లోపలే ఉండాల్సింది, పై సర్వీసు ప్రొవైడర్ ద్వారా బయటికి పొక్కింది. యూట్యూబ్ చాటుతున్నది స్లాష్ 22. స్లాష్ 24 పొడవు కాబట్టి ప్రపంచంలోని రూటర్లు దాన్నే నమ్మాయి. సుమారు రెండు గంటలు యూట్యూబ్ చాలామందికి దొరకలేదు. యూట్యూబ్ కూడా మొదట అదే స్లాష్ 24ను చాటింది, ఆ తర్వాత రెండు స్లాష్ 25లను చాటింది. స్లాష్ 24తో ఎందుకు సరిపోలేదో నాకు రాసి పంపు. సంస్థల మధ్య ఇలా దారులు చాటుకునే బీజీపీకి నీ సిలబస్‌లో రెండు పేజీలే ఉన్నాయని నాకు తెలుసు. ఈ ఒక్క సంఘటన విడమరిచి చెప్పగలిగితే ఆ రెండు పేజీలు నీకు వచ్చినట్టే.

ఓఎస్ఐ ఏడు లేయర్ల గురించి ఎక్కువ చెప్పను. పరీక్షలో అడుగుతారు, బొమ్మ గీసి రాసెయ్యి. కానీ ఆర్పానెట్ 1983 జనవరి 1న టీసీపీ ఐపీకి మారింది, ఓఎస్ఐ మోడల్ ప్రమాణంగా వచ్చింది 1984లో. కాబట్టి ఏ ప్రొటోకాల్ ఏ లేయరో తేలక తల పట్టుకున్నావంటే, తప్పు నీది కాదు. టీసీపీ యూనిట్‌లో మాత్రం కంజెషన్ కంట్రోల్ వదలకు. 1986 అక్టోబర్‌లో బర్కిలీలో 400 గజాల దూరంలో ఉన్న రెండు చోట్ల మధ్య వేగం సెకనుకు 32 వేల బిట్ల నుంచి 40 బిట్లకు పడిపోయింది. తీగ తెగలేదు, యంత్రం చెడలేదు, అందరూ ఒక్కసారిగా తోసుకున్నారు. వాన్ జాకబ్సన్ 1988లో రాసిన పద్ధతి ఆ రద్దీలోంచి పుట్టింది.

ల్యాబ్ సంగతి. బిట్ స్టఫింగ్, సీఆర్‌సీ, డైక్‌స్ట్రా, డిస్టెన్స్ వెక్టర్, ఇవన్నీ సీనియర్ల రికార్డులో దొరుకుతాయి. ప్రోగ్రాం ఎత్తి రాస్తే నేను కోప్పడను, అందరూ చేసేదే. కానీ డిస్టెన్స్ వెక్టర్ ప్రోగ్రాం నడిచి పట్టిక వచ్చాక ఆగిపోకు. ఒక లింకు విలువను 99 చేసి, ఒక్కో రౌండుకు ఒక్కో పట్టిక అచ్చు వేయించు. 3, 4, 5, 6 అని అంకెలు ఎక్కుతుంటే చూడు. ఆ రోజు నీకు రూటింగ్ వచ్చినట్టు. ఆ తర్వాత ప్యాకెట్ ట్రేసర్ దింపుకుని, నేను రాజమండ్రిలో చేసిన తప్పును నువ్వు కూడా కట్టి, విప్పు. వైర్‌షార్క్ కూడా వేసుకో. మొదట ఏఆర్‌పీ ఒక్కటే వడగట్టి చూడు, మొత్తం తెరిస్తే కళ్లు తిరుగుతాయి. నీ ల్యాప్‌టాప్‌లో రూట్ ప్రింట్ అనే కమాండ్ కొట్టావా ఎప్పుడైనా? అక్కడ 0.0.0.0 అని ఒక వరుస కనిపిస్తుంది. అది నీ డిఫాల్ట్ రూట్. ల్యాప్‌టాప్‌కూ ఒక రూటింగ్ పట్టిక ఉంటుందని నాకు తెలిసింది ఉద్యోగంలో చేరాక!

పుస్తకాలు ఎక్కువ కొనకు. లైబ్రరీలో కురోస్, రాస్‌ల పుస్తకం తీసుకుని నెట్‌వర్క్ లేయర్ అధ్యాయాలు చదువు. కొత్త ఎడిషన్లలో అవి 4, 5. సిలబస్‌లో రాసిన టానెన్‌బామ్ పుస్తకం పరీక్షకు ఉంచుకో. ఆల్ ఇన్ వన్ గైడు మాత్రం పరీక్షకు వారం ముందు దాకా ముట్టుకోనని నాకు మాటివ్వు.

ఈ ఉత్తరం వెనక ఐదు చిరునామాలు రాశాను, స్లాష్ 19 నుంచి స్లాష్ 29 దాకా. చేసి ఫొటో పెట్టు. తప్పులున్నా పెట్టు. సంక్రాంతికి వచ్చేటప్పుడు ఎ, బి, సి బొమ్మలు గీసిన ఆ కాగితాలు తీసుకురా. ఐసీఎంపీ నోరు ఎందుకు కట్టేస్తారని నాన్న ఇప్పటికీ అడుగుతున్నారు. ఈసారి ఆయనకు జవాబు నువ్వు చెబుదువు గాని. పిన్నినీ బాబాయినీ అడిగానని చెప్పు.

మీ అక్క